వానకు ముందు, వాన తర్వాత: తూర్పు హైదరాబాద్‌లో ఇంటి తనిఖీ చరిత్ర

తూర్పు హైదరాబాద్‌లో సైదాబాద్ దాటి నాగార్జునసాగర్ రోడ్డు వైపు వెళ్లే దారిలో, కర్మన్‌ఘాట్‌కు చేరువలో ఉన్న చంపాపేట్ నేడు కాలనీలతో, అపార్ట్‌మెంట్లతో నిండిన నగర భాగమే అయినా, ఒకప్పుడు సరూర్‌నగర్ చెరువుకు దాపున ఎదిగిన పల్లె. ఈ ప్రాంతపు ఇళ్లను ఏ కాలంలో ఎవరు, ఎందుకు పరీక్షించారో వరుసగా చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది: వానకు ముందు ఇంటివారే చేసుకునే తనిఖీ క్రమంగా వెనుకబడి, నష్టం జరిగాక బయటివారు వచ్చి చేసే తనిఖీ దాని స్థానంలోకి వచ్చింది.

స్లాబు రాకముందు తెలంగాణ పల్లెల్లో మట్టిగోడల మీద గూన పెంకు కప్పిన ఇళ్లు, దూలాల మీద కర్రలు పరిచి మన్ను దిమ్మిస చేసిన మిద్దెలు ఉండేవి. గూన అంటే కుమ్మరి సారె మీద గొట్టంలా చేసి నిలువునా రెండుగా చీల్చిన పెంకు. దాన్ని ఒక వరుస వెల్లకిలా, ఒక వరుస బోర్లా పేరుస్తారు గనుక కోతులు దూకినా, ఈదురుగాలి కొట్టినా వరుస జరిగి ఇల్లు ఉరుస్తుంది. అందువల్ల రోహిణి కార్తె ఎండల్లో, మృగశిర చినుకులు పడకముందే, పెంకు దించి, పగిలినవి ఏరివేసి, వాసాలకు చెద పట్టిందేమో తట్టి చూసి, తిరిగి కప్పేవారు. మిద్దెల మీది నెర్రెలను కొత్త మన్నుతో పూడ్చేవారు. ఈ తనిఖీకి కాగితం లేకపోయినా కాలం నిర్ణయమై ఉండేది, చూసినవారే బాగు చేసేవారు.

ఇళ్ల భద్రత ప్రభుత్వపు బాధ్యతగా మారడానికి 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ప్రధాన కారణం. పదిహేను వేల మంది వరకు చనిపోయారని అంచనా వేసిన ఆ ఉపద్రవం తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. ఇరుకు బస్తీలను తొలగించి ఆరోగ్యకరమైన ఇళ్లు కట్టేందుకు 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. తర్వాతి కాలపు 1955 మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలోని 456వ సెక్షన్, కూలే స్థితిలో ఉన్న కట్టడాన్ని తొలగించమనీ, మరమ్మతు చేయమనీ యజమానికి నోటీసు ఇచ్చే అధికారాన్ని కమిషనర్‌కు కల్పించింది. 2007లో ఎల్బీనగర్ వంటి 12 మున్సిపాలిటీలు నగర కార్పొరేషన్‌లో కలిసి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) ఏర్పడ్డాక ఈ చట్టమే శివార్లకూ వర్తించింది. అయితే ఈ చట్టం కింద వానాకాలానికి ముందు జరిగే సర్వే శిథిల భవనాలనే వెతుకుతుంది గాని, నిలబడి ఉన్న ఇంట్లో మొదలైన చెమ్మను పట్టించుకోదు.

స్లాబు ఇళ్లు పెరిగాక, కప్పును ఏటా విప్పి చూడవలసిన అవసరం తీరిపోయిందన్న నమ్మకం బలపడింది. నిజానికి పిట్టగోడ మొదట్లోనో, నీళ్ల ట్యాంకు కిందనో సన్నని పగులు గుండా దిగిన తడి లోపలి ఇనుప చువ్వకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించడం వల్ల కాంక్రీటు ఉబ్బి పెచ్చులూడుతుంది. గూన ఇల్లు మొదటి వానకే లోపం చెప్పేది. స్లాబు ఏళ్ల తరబడి దాచిపెడుతుంది. కనుక పర్యవేక్షణ తగ్గవలసింది కాదు, పెరగవలసింది. కాని ఇంటికి వచ్చే బయటివారిలో పన్ను కోసం వచ్చేవారు వైశాల్యం కొలుస్తారు. రుణమిచ్చే బ్యాంకు తరఫున వచ్చే మదింపుదారు ఇంటి విలువ కడతాడు. ఏళ్లు గడిచిన ఇంటి బాగోగులు చూడటం ఇద్దరి పనీ కాదు.

బీమా మాత్రం పుట్టుకతోనే ఇంటిని పరిశీలించే వ్యవస్థ. 1666 నాటి అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో నికొలస్ బార్బన్ ప్రారంభించిన అగ్నిబీమాలో ఇటుక ఇంటికన్నా కొయ్య ఇంటికి రెట్టింపు ప్రీమియం ఉండేది. మన దేశంలో 1850లో కలకత్తాలో ట్రైటన్ కంపెనీతో మొదలైన సాధారణ బీమా, 1973లో జాతీయమైంది. అంతకుముందే, 1968 సవరణతో బీమా చట్టంలో చేరిన 64యూఎం సెక్షన్ ప్రకారం ఇరవై వేల రూపాయలు, అంతకు మించిన నష్టాన్ని లైసెన్సు పొందిన సర్వేయరు, అనగా నష్టానికి కారణమూ విలువా నిర్ధారించే నిపుణుడు, పరిశీలించవలసి వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇంతటి వ్యవస్థకు కేంద్రమైన నగరంలోనూ సర్వేయరు ఇంటి గడప తొక్కేది నష్టం జరిగాకే.

2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు ఘట్‌కేసర్ పరిసరాల్లో 32 సెంటీమీటర్ల వరకు వాన నమోదు కాగా, సరూర్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో అనేక కాలనీలు నీట మునిగాయి. ప్రభుత్వం బాధిత కుటుంబాలకు పది వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీ అగ్ని, భూకంపం, వరద వంటి పేర్కొన్న ప్రమాదాలకు రక్షణనిస్తుంది. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా పది లక్షల వరకు, లోపలి సామానుకూ వర్తిస్తుంది. కాని ఏళ్లుగా సాగిన అరుగుదల ఆ ప్రమాదాల జాబితాలో లేదు. వరద వదిలిన చార ఏ ఎత్తున ఉందో, దానికి పైన కనిపించే మరక పాత చెమ్మదేమో సర్వేయరు విడదీసి చూడవలసి వస్తుంది. అంతకుముందు తీసిన ఫొటోలు, మరమ్మతు రసీదులు ఉంటే ఆ తేడా వాదన లేకుండా తేలుతుంది. బీమాలో ఇలా ముందే చూసే పద్ధతి లేకపోలేదు: అమెరికాలోని ఫ్లోరిడాలో పాత ఇంటికి పాలసీ ఇచ్చేముందే కప్పు, విద్యుత్తు, నీటి గొట్టాలు, ఏసీ వ్యవస్థ అనే నాలుగింటినీ పరీక్షించే పద్ధతి ఉంది.

గూన పెంకు కాలపు నియమానికీ బీమా కాలపు కాగితానికీ పొత్తు కుదరవలసిన అవసరాన్ని ఈ చరిత్ర చూపుతున్నది. ఏటా మేలో మేస్త్రీతోనో ఇంజనీరుతోనో కప్పు, పిట్టగోడ, సంపు, వైరింగు, మురుగు కాలువ చూపించి, కనిపించినదాన్ని తేదీతో రాసిపెట్టుకునే అలవాటు ప్రతి కాలనీ సంక్షేమ సంఘం చేపట్టదగినది; ఆ నివేదికను గౌరవించి ప్రీమియంలో రాయితీ ఇవ్వడం బీమా సంస్థలు చేయదగినది. ఇంటిని నిలబెట్టే తనిఖీ వానకు ముందు జరిగేదే. వాన తర్వాతి తనిఖీ నష్టాన్ని లెక్కించగలదు గాని ఆపలేదు.