ఓడదొంగలు లేకుంటే మేమిక్కడ లేము

'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' మూడో భాగం 'ఎట్ వరల్డ్స్ ఎండ్' 2007లో వచ్చింది. ఆ తర్వాత ఇంకో రెండు తీశారు గానీ, 2003లో మొదలైన కథ దాంతోనే అయిపోయింది. మూడు గంటలకు కాస్త తక్కువ నిడివి. ఎవడు ఎవడికి ద్రోహం చేస్తున్నాడో తేల్చుకునేలోపు ఇంకొకడు ప్లేటు ఫిరాయిస్తాడు. విజయవాడ గాంధీనగర్ హాళ్లలో పెరిగినవాణ్ణి, నాకు ఒక్క సీను చాలు. సుడిగుండంలో రెండు ఓడలు తిరుగుతుంటాయి. పైన కుండపోత, చుట్టూ కత్తులు. ఆ మధ్యలో ప్రేమజంట విల్, ఎలిజబెత్ పెళ్లాడతారు. పురోహితుడు కెప్టెన్ బార్బోసా! మీదపడే వాళ్లను నరుకుతూనే తంతు పూర్తిచేస్తాడు. మన మాస్ దర్శకులెవరికీ తట్టలేదే అనిపిస్తుంది.

మనకు నచ్చడానికి ఇంకో కారణం విలన్. అతను ఈస్టిండియా కంపెనీ దొర. సినిమా మొదలయ్యేదే సామూహిక ఉరితో. తాడు అందని చిన్న పిల్లాణ్ణి పీపా ఎక్కించి మరీ నిలబెడతారు. 1611లో మచిలీపట్నంలో దిగిన ఆ కంపెనీ సంగతి బందరు వాళ్లకు ఒకరు చెప్పాలా? సినిమాలోని ఓడదొంగల సభలో శ్రీ సుంభాజీ అనే పాత్రకు కొంకణ తీరపు ఆంగ్రేల పేరు వాడుకున్నారు. కాన్హోజీ ఆంగ్రే మరాఠాల నౌకాసేనాధిపతి. ఆయన్ని దొంగ అన్నది కంపెనీవాళ్లు.

నేనుంటున్న మారిషస్‌లో ఈ దొంగ-దొర తిరకాసు ఇంకా ఎక్కువ. ఒకప్పుడిది ఫ్రెంచి వాళ్ల దీవి. సర్కారు ఇచ్చిన అనుమతి పత్రం జేబులో ఉంటే, ఇంగ్లీషు ఓడను దోచినవాడు వీరుడు. లేకపోతే ఉరే. పక్కనున్న రీయూనియన్‌లో 'లా బ్యూజ్' అనే ఓడదొంగ లెవస్సర్‌ని 1730లో అలాగే ఉరి తీశారు. పత్రమున్న ఫ్రెంచి నావికుడు సుర్కూఫ్ మాత్రం 1800లో మన బంగాళాఖాతంలోనే 'కెంట్' అనే పెద్ద కంపెనీ ఓడను పట్టి పేరు మోశాడు. 1804 సెప్టెంబరులో ఇక్కడి నుంచే బయల్దేరిన ఫ్రెంచి సేనాని లినోయిస్ విశాఖ రేవు మీద పడి ఒక ఓడను లాక్కుపోయాడు, ఇంకోటి ఒడ్డుకెక్కి బద్దలైంది.

సుర్కూఫ్‌ని సినిమా హీరోగా ఊహించుకోకండి. అతను బానిసల వ్యాపారం కూడా చేశాడు. సినిమాలోని ఓడదొంగ జాక్ స్పారో కథలో పాపమంతా కంపెనీ ఖాతాలో వేసేశారు, చూడ్డానికి హాయిగా ఉంటుంది. ఇక్కడి చరిత్రలో ఆ సుఖం లేదు.

ఈ దాడులతో విసిగిన ఇంగ్లీషు వాళ్లు దీవి మీదికొచ్చారు. 1810 ఆగస్టులో గ్రాండ్ పోర్ట్ దగ్గర చావుదెబ్బ తిన్నారు, డిసెంబరుకల్లా దీవిని పట్టేశారు. 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు చేతులు కావాలి. నాలుగున్నర లక్షలకు పైగా భారతీయుల్ని ఒప్పందం కాగితాల మీద తెచ్చారు. అందులో కోరంగి రేవులో ఓడెక్కిన మనవాళ్లూ ఉన్నారు. దోపిడీ ఓడలు ఇంగ్లీషు వాళ్లను ఇంతగా సతాయించకపోతే ఇక్కడ తెలుగు వినిపించేదా అని నా అనుమానం.

మారిషస్ వచ్చే మనవాళ్లు ఓడదొంగలు దాచిన నిధుల కథలే అడుగుతారు. ముందు పోర్ట్ లూయీలో ఆప్రవాసి ఘాట్ చూడండి. ఒప్పందపు కూలీలు ఎక్కివచ్చిన 16 రాతిమెట్లు అక్కడున్నాయి. ఉగాదికి వస్తే మరీ మంచిది, ఆ రోజు ఇక్కడ దేశమంతా సెలవు.