తోడుకి జీతమెందుకు?

2024 నవంబరులో మా పెద్దక్క న్యూజెర్సీలో బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనైన వారానికి నేను వెళ్ళాను. అక్క కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులే. "పిన్నీ, నువ్వొస్తే మాకు ధైర్యం" అన్నాడు వాడు ఫోన్లో. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, పిల్లల బాధ్యతలు తీరినదాన్ని, వీసా ఉన్నదాన్ని. నన్ను కాక ఇంకెవర్ని పిలుస్తారు?

మర్నాడే నర్సు వచ్చింది. కుట్లు చూసింది, బీపీ చూసింది, మందుల సీసాలన్నీ బల్ల మీద పెట్టించి లెక్కపెట్టింది. ఆ తర్వాత ముప్పావుగంట సేపు టాబ్లెట్‌లో ప్రశ్నలు నింపుతూ కూర్చుంది. మంచం తనంతట తనే దిగగలదా, బట్టలు కట్టుకోగలదా, ఊపిరాడకపోవడం ఎన్ని అడుగులు వేశాక మొదలవుతుంది? వారానికి రెండుసార్లు నర్సు, మూడుసార్లు ఫిజియోథెరపిస్టు, రెండుసార్లు స్నానం చేయించడానికి హైతీ నుంచి వలసవచ్చిన ఒకామె. ఈమెని "హోం హెల్త్ ఎయిడ్" అంటారు. వీళ్ళెవరికీ అక్క ఒక్క డాలరు ఇవ్వక్కర్లేదు. వాకర్ ఖరీదులో అయిదో వంతు కడితే చాలు. ఇరవై రెండేళ్ళు స్కూలు కాంటీన్‌లో పనిచేసి జీతంలోంచి పన్ను కట్టింది కాబట్టి మెడికేర్ చెల్లిస్తుంది. నాకు ముచ్చటేసింది. మన దేశంలో ఏ ఇంటికి ప్రభుత్వం నర్సుని పంపింది?

ముచ్చట రెండు రోజుల్లో తీరిపోయింది. వీళ్ళందరూ ఇంట్లో ఉండేది కలిపి చూస్తే రోజుకి ఒక గంట. మిగతా ఇరవైమూడు గంటలూ బెడ్‌పాన్ పెట్టడం, తియ్యడం, పక్క మార్చడం, రాత్రి రెండింటికి నొప్పితో లేచిన మనిషితో కబుర్లు చెప్పడం ఎవరి పని? నర్సునే అడిగాను. "అది స్కిల్డ్ కేర్ కాదండీ, కస్టోడియల్ కేర్. అదొక్కటే కావాలంటే మెడికేర్ డబ్బివ్వదు" అంది. నైపుణ్యం ఒకటి, కనిపెట్టుకుని ఉండడం ఇంకొకటి అన్నమాట. ఈ గీత ఎవరు గీశారో తెలుసుకోవాలనిపించింది. అక్క నిద్రపోయే మధ్యాహ్నాలు ఊళ్ళో లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలతో గడిచాయి.

మొదట్లో ఈ గీత లేదు. 1893లో న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో వలసవచ్చిన స్త్రీలకు ఇంట్లో రోగిని చూసుకోవడం ఎలాగో పాఠం చెబుతోంది లిలియన్ వాల్డ్ అనే నర్సు. ఒక చిన్నపిల్ల వచ్చి, ప్రసవమై రక్తస్రావంతో పడివున్న తన తల్లి దగ్గరికి ఆమెని తీసుకెళ్ళింది. ఆ తర్వాత వాల్డ్, ఆమె నేస్తం మేరీ బ్రూస్టర్ ఆ పేటలోనే కాపురం పెట్టారు. వాళ్ళ దృష్టిలో గాయం కడగడమూ, పక్క వెయ్యడమూ, పసిబిడ్డకి నీళ్ళు పొయ్యడమూ అన్నీ నర్సు పనే. డబ్బు ఎక్కడిదంటే, ఇవ్వగలిగినవాళ్ళు ఇచ్చిన చిల్లర, మిగతాది దాతలది. 1895లో హెన్రీ స్ట్రీట్‌లో వాళ్ళకి ఇల్లు సమకూర్చినవాడు జేకబ్ షిఫ్ అనే బ్యాంకరు.

1909లో మెట్రొపాలిటన్ లైఫ్ బీమా కంపెనీ రంగంలోకి దిగింది. వారం వారం కొద్ది సెంట్లు కట్టే కార్మికులే దాని ఖాతాదార్లు. వాళ్ళు చచ్చిపోతే కంపెనీ డబ్బివ్వాలి. జబ్బుపడ్డవాళ్ళ ఇంటికి నర్సుని పంపితే చావులు తగ్గుతాయి, కంపెనీకి ఖర్చు తగ్గుతుందని వాల్డ్ ఒప్పించింది. తెలివైన వాదనే. కానీ ఆ వాదనలోనే తిరకాసూ ఉంది. చావుని వాయిదా వేసినంతకాలమే నర్సుకి విలువ. అంటురోగాలు తగ్గి, నయంకాని దీర్ఘవ్యాధులు పెరిగి, జనం ఆస్పత్రులకి వెళ్ళడం మొదలయ్యాక లెక్క తిరగబడింది. 1953లో కంపెనీ ఆ పథకాన్ని మూసేసింది. ముసలితనాన్ని నయం చెయ్యలేం కదా, అందులో ఏ బీమా కంపెనీకి లాభం?

నర్సు కథ ఇది. ఎయిడ్ కథ వేరే వీధిలో మొదలైంది. 1935లో ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు "ది క్రైసిస్" పత్రికలో బ్రాంక్స్ వీధి మలుపుల గురించి రాశారు. మన ఊళ్ళల్లో కూలీలు అడ్డా మీద నిలబడ్డట్టే అక్కడ నల్లజాతి స్త్రీలు గంటల లెక్కన ఇంటిచాకిరీకి ఎవరైనా పిలుస్తారేమోనని నిలబడేవాళ్ళు. అదే మాంద్యం రోజుల్లో ప్రభుత్వం నిరుద్యోగ సహాయం కింద ఇలాంటి స్త్రీలని "హౌస్‌కీపింగ్ ఎయిడ్"లుగా జబ్బుమనుషులున్న ఇళ్ళకి పంపింది. ఐలీన్ బోరిస్, జెన్నిఫర్ క్లైన్ రాసిన "కేరింగ్ ఫర్ అమెరికా" (2012) చదివితే ఇది బాగా అర్థమవుతుంది. ఈ ఉద్యోగం పుట్టుకకి రోగి అవసరం ఎంత కారణమో, పేద స్త్రీలకి ఏదో ఒక పని చూపించాలన్నదీ అంతే కారణం. నర్సు ఆస్పత్రి గుమ్మంలోంచి వచ్చింది, ఎయిడ్ వంటింటి దొడ్డిగుమ్మంలోంచి. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళని బయట పెట్టింది. 1938లో కనీసవేతనాల చట్టం వచ్చినా అదీ వాళ్ళ దాకా రాలేదు.

1965లో వచ్చిన మెడికేర్ ఆ రెండు గుమ్మాల్నీ అలాగే ఉంచింది. డాక్టరు రాసివ్వాలి, రోగి ఇల్లు కదలలేని స్థితిలో ఉండాలి, నర్సో థెరపిస్టో అప్పుడప్పుడూ వచ్చి చెయ్యవలసిన పని ఉండాలి. ఆ పని ఉన్నంతకాలమే, దానికి తోకలాగా, ఎయిడ్ వస్తుంది. ఇల్లు కదలకూడదన్నారని అక్క బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి కూడా వెళ్ళనంది, నర్సుల్ని ఆపేస్తారని భయం. నర్సు నవ్వి, గుడికైనా చర్చికైనా వెళ్ళొచ్చని చట్టంలోనే ఉందని చెప్పింది. 2000లో చేర్చారట. జీవితంలో చట్టాన్ని మెచ్చుకున్న అరుదైన రోజు మా అక్కకి.

ఇంక ఏజెన్సీకి డబ్బెలా వస్తుందంటే, ఒకప్పుడు ఎన్నిసార్లు వస్తే అంత ఖర్చు ఇచ్చేవాళ్ళు. ఖర్చు పెరిగిపోతోందని 1997లో చట్టం మార్చారు. 2000 అక్టోబరు నుంచి అరవై రోజులకింతని, 2020 జనవరి నుంచి ముప్ఫై రోజులకింతని లెక్కగట్టి ఇస్తున్నారు, గుత్తకిచ్చినట్టు. ఆ గుత్త ఎంతన్నది నిర్ణయించడంలో నర్సు టాబ్లెట్‌లో నింపిన జవాబులదీ ఒక చెయ్యి. మరీ తక్కువసార్లు వస్తే మాత్రం తలకింతని ఇస్తారు, అది వేరే సంగతి. మామూలుగా ఒకసారి అదనంగా వస్తే ఆ ఖర్చు ఏజెన్సీదే. నర్సు ఎందుకంత హడావిడిగా వెళ్ళిపోతుందో నాకప్పుడు తెలిసింది, ఆమె మీద కోపం పోయింది. కనిపెట్టుకుని ఉండడానికి డబ్బిచ్చే పథకం మెడికెయిడ్. అది పేదలకి. దాచుకున్నది చాలావరకు హరించుకుపోయాక గానీ అందదు.

1974లో కనీసవేతనాల చట్టాన్ని ఇంటిపనివాళ్ళకి వర్తింపజేశారు. కానీ ఆ చేత్తోనే ముసలివాళ్ళకీ జబ్బువాళ్ళకీ "తోడు"గా ఉండేవాళ్ళని మినహాయించారు. పొరుగింటావిడ వచ్చి కాసేపు కూర్చుంటే దానికి కూలిలెక్క ఏమిటన్నది ఊహ. ఆ మరుసటేడు కార్మికశాఖ నిబంధనలు ఆ మినహాయింపుని లాభాలకి నడిచే ఏజెన్సీలకి కూడా ఇచ్చేశాయి. జమైకా నుంచి వచ్చి న్యూయార్క్‌లో ఇరవై ఏళ్ళకి పైగా ఈ పని చేసిన ఎవలిన్ కోక్, ఓవర్‌టైం ఇవ్వలేదని 2002లో కోర్టుకెక్కింది. 2007లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ఆ నిబంధన చెల్లుతుందన్నారు. 2009లో ఆమె చనిపోయింది. 2013లో ప్రభుత్వం నిబంధన మార్చింది, కోర్టు గొడవలు దాటుకుని 2015లో అమల్లోకొచ్చింది. 2025 జూలైలో మళ్ళీ పాత పద్ధతికే వెళ్దామని అదే శాఖ ప్రతిపాదించింది.

తోడు! ఎంత మెత్తని మాట. మనకి కూడా ఇదే మాట ఉంది. 2016లో మా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు హైదరాబాదులో బ్యూరో నుంచి ఒకమ్మాయిని పెట్టుకున్నాను. "రాత్రిపూట పెద్దగా పనేం ఉండదమ్మా, తోడుగా పడుకుంటే చాలు" అన్నాను. అమ్మ రాత్రికి నాలుగుసార్లు లేచేది. నెలనెలా డబ్బు బ్యూరోకి కట్టాను. అందులో ఆ అమ్మాయి చేతికి ఎంత వెళ్తోందో పదకొండు నెలల్లో ఒక్కసారీ అడగలేదు. స్త్రీల శ్రమ మీద వ్యాసాలు రాసినదాన్ని.

ఎనిమిదో వారంలో నర్సు, "లక్ష్యాలు పూర్తయ్యాయి" అని సంతకం పెట్టించుకుంది. థెరపిస్టూ ఆగిపోయాడు. వాళ్ళతోపాటే హైతీ ఆమె కూడా. అక్కకి అప్పటికీ స్నానం చెయ్యడం చేతకాదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే గంటకి 36 డాలర్లన్నారు. అందులో ఎయిడ్‌కి ఎంతని అడిగితే అది చెప్పరట. హైతీ ఆమె మాత్రం వెళ్ళేరోజు చెప్పింది, తనకొచ్చేది 17.

చివరికి మావాడు తెలిసినవాళ్ళ ద్వారా ఒక తెలుగావిణ్ణి కుదిర్చాడు. తెనాలి దగ్గర పల్లె. కొడుకు తీసుకొచ్చాడు, కోడలితో పడక వేరే ఉంటోంది. గంటకి 13 డాలర్లు, చేతికి నగదు. కాగితం లేదు, పన్ను లేదు. అంటే రేపు ఆవిడ మంచానపడితే మెడికేర్‌కి అడగడానికి ఆవిడ పేరున లెక్క కూడా ఉండదు. రాష్ట్రంలో కనీసవేతనం పదిహేను దాటిందని నేను మావాడితో అన్నాను. "తోడుగా ఉండటానికే కదా పిన్నీ, వంట కూడా అమ్మ పక్కన కూర్చునే చేస్తుంది" అన్నాడు. నేను రెండోసారి అనలేదు. ఫిబ్రవరిలో నా ప్రయాణం, ఆవిడ మానేస్తే అక్కకి ఎవరు?

బయల్దేరేముందు రోజు నేను పెట్టె సర్దుకుంటుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగింది.

"మూడు నెల్లు రాత్రీ పగలూ చేశారు కదండీ, మీకెంతిచ్చారు?"

అక్క మంచం మీంచే పకపకా నవ్వింది. "తోడబుట్టినదానికి జీతమేమిటే!"

ఆవిడ నవ్వలేదు. గోడకి తగిలించిన కాలెండర్ మీద ఆనాటి గంటలు వేసుకుని చలికోటు తొడుక్కుంది.