తార్నాక పక్కన భూకంపాల పద్దు

కట్టడాల భద్రతకు మెషీన్ లెర్నింగ్ కొత్త విద్య అంటారు. హైదరాబాద్‌లో తార్నాక పక్కనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (1961లో ఏర్పడింది) చరిత్ర చూస్తే, ఆ విద్యకు ఆధారం దశాబ్దాల పద్దేనని తెలుస్తుంది. మహారాష్ట్రలోని కోయినా జలాశయం నిండడం మొదలయ్యాక 1960లలో చిన్నచిన్న ప్రకంపనలు వచ్చాయి. 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపంలో సుమారు 200 మంది చనిపోయారు, 103 మీటర్ల ఆనకట్ట పగుళ్లిచ్చింది. నీటిమట్టానికీ ప్రకంపనలకూ ఉన్న లంకెను ఆ సంస్థ శాస్త్రవేత్తలు హర్ష్ గుప్తా, రస్తోగి 1976లోనే పుస్తకంగా తెచ్చారు. అప్పట్లో లెక్కంతా కంటితోనే: కాగితం మీది గీతలో మొదటి తరంగం ఎక్కడ లేచింది, రెండోది ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టి, మధ్య సెకన్లను సుమారు 8తో గుణిస్తే భూకంప కేంద్రానికి ఉన్న దూరం కిలోమీటర్లలో వచ్చేది.

కంటికి అందని వేల ప్రకంపనలను యంత్రం పట్టేస్తుంది కదా, పాత పద్దెందుకు అనవచ్చు. పట్టే మాట నిజమే, అది చాలా గొప్ప మేలు కూడా. కానీ కోయినాలో 6 దాటిన భూకంపం ఒక్కటే. ఒక్క ఉదాహరణతో ఏ యంత్రమూ పెద్ద ప్రమాదాన్ని నేర్చుకోలేదు. ఆ లోటును రాతి ఒత్తిడి, నీటి పీడనాల లెక్కలతోనే పూడ్చాలి. ఆ లెక్కలు సరైనవో కావో చెప్పేది మళ్లీ ఆ పాత నమోదులే.