చందాదారుల చిట్టా: పొరుగునేల తెలుగు పత్రికలు నేర్పే పాఠం

తెలుగు విద్యార్థులు నలుగురు ఒకచోట చేరితే పత్రిక పెట్టాలన్న ఆలోచన పుట్టడం మనకు కొత్త కాదు. ముందు పేరు వెతుకుతారు. తరువాత ముఖచిత్రం. ఆ పైన సంపాదకుడెవరన్న తర్జనభర్జన. సంచికను ఎవరు చదువుతారు, వారి చేతికి అది ఎలా చేరుతుంది అన్న ప్రశ్న మాత్రం అచ్చు పూర్తయ్యాక గాని గుర్తుకు రాదు.

నేను పూర్వం పనిచేసిన ఒక కళాశాలలో మా విద్యార్థులు ఇలాగే ఒక పత్రిక తెచ్చారు. రచనలు మంచివే. రెండు సంచికలు వెలువడ్డాయి. మూడవ సంచికకు డబ్బు లేదు. రెండవ సంచిక ప్రతులు సగానికి పైగా బీరువాలోనే ఉండిపోయాయి. తప్పు వారిది కాదు, నాది. వ్యాసం ఎలా రాయాలో చెప్పాను గాని, పాఠకుణ్ణి ఎలా వెతకాలో చెప్పలేదు. అదీ ఒక పాఠ్యాంశమేనన్న ఎరుక నాకే లేదు.

ఆ పాఠం మన పత్రికల చరిత్రలోనే ఉంది. పైగా ఆ చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఎల్లలకు వెలుపలనే జరిగాయి. కర్ణాటకలోనో, తమిళనాడులోనో, ఒడిశాలోనో, మహారాష్ట్రలోనో తెలుగు చదువుకుంటున్న విద్యార్థికి ఇది పరాయి చరిత్ర కాదు, తన ఊరి చరిత్ర.

బళ్ళారి, చెన్నపట్నం

బళ్ళారి క్రైస్తవ మిషనరీలు 1835లో వెలువరించిన ‘సత్యదూత’ను తొలి తెలుగు పత్రికగా పలువురు పరిశోధకులు పేర్కొన్నారు. మతప్రచారం దాని ధ్యేయం. 1953లో మైసూరు రాష్ట్రంలో చేరిన బళ్ళారి అప్పటికి మద్రాసు రాజధానిలో భాగం. ఆ తరువాత చెన్నపట్నంలో మండిగల వెంకటరామశాస్త్రి 1838లో ‘వృత్తాంతిని’ని, సయ్యద్ రహమతుల్లా 1842లో ‘వర్తమాన తరంగిణి’ని ప్రారంభించారు. తెలుగువారికి వార్తలు చెప్పడానికి పూనుకొన్న తొలితరంలో ఒక ముస్లిం సంపాదకుడు ఉండడం గమనించదగిన విషయం.

కొక్కొండ వేంకటరత్నం పంతులు మద్రాసులో 1871లో ‘ఆంధ్రభాషా సంజీవని’ని స్థాపించారు. మూడేళ్ళకు, 1874లో, కందుకూరి వీరేశలింగం పంతులు ‘వివేకవర్ధని’ మొదలుపెట్టారు. పత్రిక గోదావరి తీరానిదే అయినా తొలిరోజుల్లో దాని అచ్చు మద్రాసులోనే. పిదప ఇద్దరు పంతుళ్ళకూ పడలేదు. వీరేశలింగం గారు ఎదుటివారి ‘సంజీవని’ని గుర్తుచేస్తూ ‘హాస్యసంజీవని’ అంటే, కొక్కొండవారు ‘వివేకవర్ధని’ని ఎత్తిపొడుస్తూ ‘హాస్యవర్ధని’ అన్నారు. ఈ కలహం వేడుకగా కనిపించవచ్చు. కాని పాఠకులను కూడగట్టిన సాధనాలలో ఇదీ ఒకటి. ఒక పత్రికలోని మాటకు మరొక పత్రికలో జవాబు వస్తుందంటే చదువరి రెండూ తెప్పించుకుంటాడు.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. 1898 నాటి భారత తపాలా చట్టం వార్తాపత్రికలకు తక్కువ టపా రుసుముతో వెళ్ళే వెసులుబాటు కల్పించింది. అందుకు ముఖ్యంగా రెండు నియమాలు పెట్టింది. సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులకు మించి వ్యవధి ఉండరాదు. పత్రికకు నిజమైన చందాదారుల జాబితా ఉండాలి. నూట పాతికేళ్ళపాటు నిలిచిన ఆ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చింది. చట్టం మారినా, పత్రిక మనుగడకు మూలమైన సూత్రాలు ఆ రెండు షరతుల్లోనే ఇమిడి ఉన్నాయి: వేళకు రావడం, ఎవరికోసం వస్తున్నామో పేరుపేరునా తెలిసి ఉండడం.

బొంబాయి: మందుసీసా, పత్రిక

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయి చేరారు. 1893లో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. కచేరీలలో శ్రోతలకు దానిని ఉచితంగా పంచేవారని నేటికీ చెప్పుకుంటారు. కచేరీ ముగిసేసరికి తలనొప్పి తగ్గినవాడు మరునాడు కొనుక్కుంటాడన్నది అందులోని కిటుకు.

1907 సూరత్ కాంగ్రెసు సభకు వెళ్ళివచ్చిన పంతులుగారికి తెలుగులో ఒక పత్రిక ఉండాలన్న సంకల్పం గట్టిపడింది. 1908 సెప్టెంబరులో బొంబాయి నుంచే ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికగా వెలువడింది. బొంబాయిలో అప్పటికే తెలుగువారు ఎందరో ఉన్నారు. నిజాం ప్రాంతం నుంచి కట్టడపు పనులకు వలసవచ్చిన కామాఠీల పేరే కామాఠిపురానికి వచ్చింది. నేత మిల్లుల్లో పద్మశాలీలు పనిచేసేవారు. అయితే పంతులుగారి చూపు ఆ నగరంతోనే ఆగలేదు. బొంబాయిలో అచ్చయిన సంచిక తెలుగుజిల్లాలకు టపాలో వెళ్ళాలి.

మందుకు కావలసినదీ, పత్రికకు కావలసినదీ ఒకటేనని ఆయన గ్రహించినట్లు కనిపిస్తుంది. ఊరూరా చిరునామాలు, టపామీద ఆధారపడగల ఏర్పాటు, అన్నిటికీ మించి కొన్నవాడికి కలిగే నమ్మకం. ఒకదాని లాభం మరొకదాని నష్టాన్ని పూడ్చింది. మందు పేరు విన్నవాడు పత్రికను గుర్తుపట్టాడు, పత్రిక చదివినవాడు మందును నమ్మాడు. 1914లో మద్రాసుకు తరలివచ్చి ఆ ఏడు ఏప్రిల్ 1న దినపత్రిక అయింది. 1924లో ‘భారతి’ మాసపత్రిక వచ్చింది. 1926లో ‘ఆంధ్రగ్రంథమాల’ మొదలైంది. పంతులుగారు 1938లో కన్నుమూసిన తరువాత కూడా ఆంధ్రపత్రిక 1991 వరకు సాగింది.

ఇందులో విద్యార్థి గమనించవలసిన అంశం ఒకటుంది. ఆ పత్రికకు అండగా నిలిచిన వ్యాపారం యజమాని సొంతమే. ఏమి రాయాలో చెప్పే మూడవ మనిషి లేడు. పరాయి ప్రకటనల మీద బతికే పత్రికకు ఆ వెసులుబాటు తక్కువ.

ఇదే బాట మద్రాసులో మరొక పత్రిక తొక్కింది. స్త్రీల ఔషధమైన ‘లోధ్ర’తో పేరుపొందిన డాక్టర్ కె.ఎన్.కేసరి 1928లో ‘గృహలక్ష్మి’ని ప్రారంభించారు. మందు ఎవరికో పత్రిక కూడా వారికే. అంటే పాఠకురాలు ఎవరన్నది ముందే తేలింది. కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారదలేఖలు’ స్నేహితురాలికి రాసిన ఉత్తరాల రూపంలో అందులో వెలువడ్డాయి. చదివిన ప్రతి స్త్రీకీ ఆ ఉత్తరం తనకే వచ్చినట్టుండేది. రచయిత్రులకు ‘గృహలక్ష్మి స్వర్ణకంకణం’ బహూకరించడం ద్వారా, చదివేవారిలో నుంచే రాసేవారు పుట్టుకువస్తారని ఆ పత్రిక నిరూపించింది.

పర్లాకిమిడి: బడిపంతులు పెట్టిన పత్రిక

గిడుగు వేంకట రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పాటుపడిన వ్యక్తి ఆయన. వినేవాడికి తెలియని భాషలో చెప్పినది చదువు కాదన్న సత్యం ఆయనకు తరగతి గదిలోనే బోధపడింది.

ఆ రోజుల్లోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో ఒక వివాదం రేగింది. విద్యార్థులు తెలుగు వ్యాసాన్ని ఏ భాషలో రాయాలి? గ్రంథాల భాషలోనా, శిష్టులు మాట్లాడే భాషలోనా? గురజాడ అప్పారావు గారు 1914లో విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఈ సందర్భంలో వచ్చినదే. విద్యార్థి తన మాటల్లో రాయవచ్చునా అన్నదే అక్కడ తేలవలసిన సమస్య. అప్పటికి తీర్పు గ్రాంథికవాదుల పక్షానే వచ్చింది.

రామమూర్తి పంతులు ఊరుకోలేదు. 1919లో పర్లాకిమిడి నుంచి ‘తెలుగు’ అన్న పేరుతో మాసపత్రిక వెలువరించారు. పత్రికకు అంత చిన్న పేరు, అంత పెద్ద పేరు మరొకటి లేదు. దాని వెనుక మందుసీసా లేదు, మిషను లేదు. పట్టుదల ఒక్కటే పెట్టుబడి. అది ఎక్కువ కాలం సాగలేదు.

లాభనష్టాల లెక్కలో ‘తెలుగు’ ఓడిపోయిన పత్రిక. కాని ఈ వ్యాసం ఏ భాషలో ఉందో చూడండి. మీరు పరీక్షలో రాసే జవాబు ఏ భాషలో ఉంటుందో చూడండి. పంతులుగారు వాదించిన భాషే గెలిచింది. ఆ పత్రిక చదివినవారు కొద్దిమందే కావచ్చు, అయితే వారిలో రాసేవారు, బోధించేవారు ఉన్నారు. చందాదారుల సంఖ్య ఎంత అన్నది ఒక లెక్క, చందాదారులు ఎవరు అన్నది మరొక లెక్క. విద్యార్థులకు రెండూ నేర్పాలి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరింది. ఐదు దశాబ్దాలకు పైగా ఉన్న ఊరిని వదిలి, 73వ ఏట పంతులుగారు రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఎల్లలు గీసేవారికి అది ఒక గీత. పత్రికకు అది తెగిపోయిన చందాదారుల జాబితా. పొరుగు రాష్ట్రాల్లో తెలుగు చదివే మనకు ఆ బాధ వేరుగా చెప్పనక్కరలేదు.

హైదరాబాదు: పాఠకులను పిలిచిన పత్రిక

తెలుగుగడ్డ మీదనే ఉండి పరాయితనం అనుభవించిన చోటు నాటి హైదరాబాదు. నిజాం రాజ్యంలో పాలనకూ, పైచదువుకూ ఉర్దూ భాష. ఆ పరిస్థితిలో సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో ‘గోలకొండ పత్రిక’ స్థాపించారు. రెడ్డి హాస్టలు నిర్వహణ చూసిన ఆయనకు విద్యార్థుల సంగతి బాగా తెలుసు.

తెలంగాణలో కవులు లేరన్న మాట ఒకటి వచ్చినప్పుడు ఆయన వాదానికి దిగలేదు. కవులు తమ వివరాలూ పద్యాలూ పంపవలసిందని పత్రిక ద్వారా కోరారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడింది. అందులో 354 మంది కవులున్నారు. మాటకు మాట చెబితే రెండు రోజులు నిలిచేది. జాబితా చెప్పడంతో అది తొంభై ఏళ్ళుగా నిలిచింది. పైగా ఆ 354 మందిలో ప్రతి ఒక్కరి ఊళ్ళోనూ సంచికను అడిగి చదివేవారుంటారు. పాఠకుణ్ణి రచయితగా పిలవడం కన్నా మించిన ప్రచారం లేదు.

తరగతిలో చేయవలసిన పని

ఈ చరిత్రను పరీక్ష కోసం వల్లెవేస్తే ప్రయోజనం లేదు. పత్రిక తేదలచిన విద్యార్థులకు నేనిప్పుడు మొదటి నెల రచనలు అడగను. ఒక చిట్టా అడుగుతాను. యాభై పేర్లు, ఊరు, వృత్తి, ఏ లిపి చదవగలరు. అంతే.

చివరి గడి దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. షోలాపూరు నేతకారుల ఇళ్ళల్లో, హోసూరు పల్లెల్లో, రాయగడ వీధుల్లో తెలుగు మాట్లాడేవారిలో తెలుగు అక్షరం రానివారు ఏటేటా పెరుగుతున్నారు. తమిళనాడులో 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు మాధ్యమానికి చోటు ఇంకా ఇరుకైంది. యానాంలో పరిస్థితి వేరు, అక్కడ తెలుగు పాలనలోనూ ఉంది. ఒకే సంచిక ఈ అందరికీ సరిపోదు.

అందుకు దారి లేకపోలేదు. త్యాగరాజ కృతులను తమిళ లిపిలో అచ్చువేసుకుని పాడుకునేవారు తరతరాలుగా ఉన్నారు. 1947 జూలైలో మద్రాసు నుంచి ‘చందమామ’ తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి వెలువడింది. మన విద్యార్థుల పత్రికలో రెండు పేజీలు స్థానిక లిపిలో తెలుగు మాటే ఉంటే, అమ్మమ్మ మాట విని అర్థం చేసుకునే మనవడు కూడా చదువరి అవుతాడు. అక్షరం వైపు అతణ్ణి తిప్పే పని తరువాతి సంచికలది.

రెండవ నియమం వేళ. నూరు పేజీల సంచిక ఏడాదికొకటి తేవడం కన్నా ఎనిమిది పేజీల సంచిక నెలనెలా తేవడం మేలు. మూడవది ఉత్తరాలు. చేతిరాత పత్రికలు హాస్టళ్ళలో చేతులు మారే కాలంలో, చివర కొన్ని ఖాళీ పేజీలు వదిలి చదివినవారి అభిప్రాయం రాయించుకునే అలవాటు చాలాచోట్ల ఉండేది. ఆ ఖాళీ పేజీ ఇప్పుడూ కావాలి. నాలుగవది డబ్బు. ఊళ్ళోని తెలుగు దుకాణదారు దగ్గర ప్రకటన తీసుకోవచ్చు. కాని చందా, అది ఎంత స్వల్పమైనా, మానరాదు. ఊరకే వచ్చినదాన్ని పక్కన పెట్టేవాడు, పది రూపాయలిచ్చి తెప్పించుకున్నదాన్ని తెరిచి చూస్తాడు.

ఈనాడు అచ్చు ఖర్చు లేకుండానే తెలుగు అక్షరాన్ని ఫోనులో ఎంత దూరమైనా పంపవచ్చు. నాగేశ్వరరావు పంతులు టపా కట్టలతో పడిన తంటాలు మనకు లేవు. రామమూర్తి పంతులుకు లేని సౌకర్యాలు మనకున్నాయి. కాని చదివే మనిషిని పేరుపేరునా వెతికే శ్రమ వారికెంతో మనకూ అంతే. ఆ శ్రమను తగ్గించే సాధనం ఇంకా రాలేదు.

మా కళాశాల బీరువాలో మిగిలిన ప్రతులలో ఒకటి నా దగ్గర ఉంది. కొత్త విద్యార్థులు పత్రిక మాట ఎత్తినప్పుడల్లా దాన్ని బల్లమీద పెట్టి, ‘ఇది ఎవరికి చేరాలి?’ అని అడుగుతాను. ఆ ప్రశ్నకు యాభై పేర్లతో జవాబు చెప్పిన రోజున పత్రికకు పేరు పెట్టుకోవచ్చు.