చుట్ట పరీక్ష

పొగాకు మన దేశములో పుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో మన తీరములకు వచ్చినది. అక్బరు పాదుషా చివరి దినములలో అసద్‌బేగు అను ఉద్యోగి బిజాపురమునుండి పొగాకును, హుక్కాను తెచ్చి దర్బారులో సమర్పించెను. 1617లో జహంగీరు పొగత్రాగుటను నిషేధించెను. నిషేధము నిలువలేదు, పొగాకు నిలిచినది. తెలుగువారు దానిని చుట్టి, ‘చుట్ట’ అని పేరుపెట్టి తమదిగా చేసికొనిరి. గురజాడవారి గిరీశమునకు చుట్టపై గల మక్కువ ‘కన్యాశుల్కము’ చదివినవారు ఎరిగినదే.

మన చుట్టకు దూరదేశములందును పేరు కలదు. గోదావరి లంకలలో, వరద వదలిన ఒండ్రుమట్టిలో పండిన ఆకుతో చేసిన ఘాటైన చుట్టను ఆంగ్లేయులు ‘లంకా’ అనిరి. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ఆ మాట చేరినది. 1890లో కానన్ డాయిల్ వ్రాసిన నవలలో షెర్లాక్ హోమ్స్, పొగాకు బూడిదను బట్టి నేరస్థుని జాడ తీయవచ్చునని చెప్పుచు, ఈ లంక చుట్టను పేర్కొనును. బూడిద చూచి చుట్ట జాతిని చెప్పుట కేవలము కవికల్పన కాదు. అనుభవజ్ఞులు చేయు పరీక్షలలో అదియు నొకటి.

ఆ పరీక్షలో మొదటిది చేతి పని. చుట్టను రెండు వ్రేళ్ల నడుమ మెల్లగా నొక్కవలెను. పదును సరిగా ఉన్నచో అది కొంచెము లొంగి మరల పూర్వరూపము పొందును. పెళపెళలాడినచో ఎండిపోయినదని, మెత్తగా అణగిపోయినచో చెమ్మ ఎక్కినదని గ్రహింపవలెను. ఒకచోట గట్టిగా, ఒకచోట బోలుగా ఉన్నచో పొగ సమముగా రాదు. రెండవది కంటి పని: పై ఆకు చిరుగులు లేక, రంగు ఒక్కతీరుగా, ఈనెలు ముతకగా లేక ఉండవలెను. మూడవది ముక్కు పని. ఆకును మండె వేసి, తిరుగవేసి, తగినంత కాలము మాగనిచ్చినచో పచ్చివాసన పోయి కమ్మని వాసన వచ్చును. తొందరపడి చుట్టిన చుట్ట ముక్కుపుటములను మండించును.

నాలుగవది నిప్పు పరీక్ష. మంచి చుట్ట ఒక ప్రక్కకు పోక సమముగా కాలును. దాని బూడిద తెల్లగానో, బూడిదవన్నెగానో ఉండి కొంతసేపు రాలక నిలుచును. ఇందులో నేల గుణము కనబడును. ఆకులో పొటాషు తగినంత ఉన్నచో చక్కగా కాలును. ఉప్పునేలలో, ఉప్పునీటితో పెరిగిన ఆకులో క్లోరైడు చేరి, మాటిమాటికి ఆరిపోవును.

ఇంతవరకు చెప్పినది నిప్పు వెలుపల ఉన్న చుట్టను గూర్చి. పలాస, టెక్కలి, ఉద్దానము తీరము గల శ్రీకాకుళము జిల్లాకు వచ్చినచో పరీక్ష తలక్రిందులగును. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ఈ సీమలో స్త్రీలు నిప్పున్న కొనను నోటిలోపల ఉంచుకొని చుట్ట కాల్చు అలవాటు తరతరములుగా ఉన్నది. దీనికే ‘అడ్డపొగ’ అని పేరు. ఇట్లు కాల్చిన చుట్ట నిదానముగా కాలి ఎక్కువసేపు వచ్చును. గాలికి ఆరదనియు, పనిలో ఉన్నప్పుడు నిప్పురవ్వ మీద పడదనియు దీనికి కారణములు చెప్పుదురు. ఇక్కడ బూడిదను కన్ను చూడదు. చుట్ట మంచిచెడ్డలను తేల్చు భారమంతయు నోటిమీదనే పడినది.

ఆ తీర్పునకు నోరు చెల్లించిన మూల్యమును వైద్యులు లెక్కగట్టిరి. 1945లో ఖానోల్కరు, సూర్యాబాయి అనువారు మన దేశములోని అలవాట్లకును క్యాన్సరునకును గల సంబంధమును వివరించుచు దీనిని ప్రస్తావించిరి. 1957లో రెడ్డి, రావు అను వైద్యులు కోస్తా ఆంధ్రములో అంగిలి క్యాన్సరునకు ఈ అలవాటే కారణమని ప్రకటించిరి. పిమ్మట బొంబాయి టాటా పరిశోధన సంస్థవారును, కోపెన్‌హేగనుకు చెందిన పిండ్‌బోర్గు పండితుడును కలిసి ఈ జిల్లా గ్రామములలో 10,169 మంది నోళ్లను పరీక్షించిరి. 1971లో వెలువడిన ఆ నివేదిక ప్రకారము వారిలో నూటికి నలుబదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారే. ప్రపంచములో అంగిలి క్యాన్సరు అరుదు. నోటి క్యాన్సరు సాధారణముగా పురుషులలో ఎక్కువ. ఇక్కడ ఆ రెండును తారుమారైనవి. పనామా, కొలంబియా, సార్డీనియా, ఫిలిప్పీన్సు ప్రాంతములలోను ఇట్టి అలవాటు కనబడినది.

ఈ వ్యాధి సద్దు లేకుండ వచ్చును. మొదట అంగిలి తెల్లబారి దళసరియగును. నడుమ ఎర్రని చుక్కలు కనబడును. నొప్పి ఉండదు గనుక ఎవరును పట్టించుకొనరు. కాని ఆశకు తావున్నది. శ్రీకాకుళముతో పాటు ఎర్నాకుళము, భావనగరు జిల్లాలలో 36 వేలమందికి పైగా పొగాకు వాడువారిని ఎన్నుకొని, ఇంటింటికి పోయి నచ్చజెప్పిన ప్రయత్నము ఫలితములు 1986లో వెలువడినవి. కొందరు పూర్తిగా మానిరి, మరికొందరు తగ్గించిరి. నోటిలోని మచ్చలు కొత్తగా పుట్టుటయు తగ్గినది.

అలవాటును ఎగతాళి చేయుట మా ఉద్దేశము కాదు. పగలంతయు తోటలో, పొలములో, ఇసుకలో శ్రమించు తల్లికి ఆ చుట్ట ఒక్కటే విశ్రాంతి కావచ్చును. కాని చుట్ట కొనునప్పుడు ఆకును నొక్కి, వాసన చూచి, వెలుగులో త్రిప్పి చూచు ఆ జాగ్రత్త, ఆ నోటికి ఎందుకు దక్కరాదు? మన ఇంటిలో అడ్డపొగ అలవాటు గల అవ్వయో, అత్తయో ఉన్నచో, ఆమెను వెలుగులో కూర్చుండబెట్టి, నోరు తెరువుమని చెప్పి, అంగిలి చూడవలెను. తెల్లని పొరయో, మానని పుండో కనబడినచో నాటు మందులతో కాలము గడపక వైద్యునికి చూపవలెను. చుట్ట బాగున్నదో లేదో చెప్పుటకు వేయిమంది ఉన్నారు. ఆమె అంగిలి బాగున్నదో లేదో చూచుటకు ఇంటివారే ఉన్నారు.