పోయిన పుట మరల దొరకునా?

గత విద్యా సంవత్సరమున మా కళాశాలలో బి.యస్సి. చివరి తరగతి చదువుచున్న ఒక విద్యార్థిని, నేను 2013లో ఎం.యస్సి. పట్టమునకై వ్రాసిన ప్రాజెక్టు నివేదికను చూచుటకు తీసికొనిపోయినది. రెండు దినములు గడువకముందే తిరిగి తెచ్చి, "సార్, మీరు చివర ఇచ్చిన వెబ్ చిరునామాలలో సగానికి పైగా తెరుచుకోవడం లేదండి" అన్నది. నేను నమ్మలేదు. ఇరువురమును కూర్చుండి ఒక్కొక్కటిగ పరీక్షించితిమి. నివేదికలో 21 చిరునామాలుండగా 9 మాత్రమే పనిచేసినవి. తక్కిన 12 చోట్ల కొన్నింట "404 - పుట దొరకలేదు" అను పలుకరింపు. కొన్నింట సౌర ఘటములతో ఏ సంబంధమును లేని వ్యాపార ప్రకటనలు. పండ్రెండేండ్లకే నా ఆధారములలో సగమునకు పైగా గాలికి పోయినవి.

అచ్చు పుస్తకమునకు ఇట్టి గతి త్వరగా పట్టదు. ఒక గ్రంథాలయమున చెదలు తినిన పుస్తకము మరియొక గ్రంథాలయమున పదిలముగ నుండును. వెబ్ పుటకు సాధారణముగ ఉండునది ఒకే ఇల్లు. ఆ ఇంటి దీపమారినచో పుట లేదు.

ఈ 404 అను సంఖ్య అందరును చూచినదే గాని దాని భావము తెలిసినవారు కొలదిమందియే. మన యంత్రము ఒక పుటకొరకు దూరముననున్న సర్వరును అడిగినప్పుడెల్ల, అది మూడంకెల సంకేతముతో బదులు చెప్పును. 200 అనగా "ఇదిగో, తీసికొనుము" అని. 4తో మొదలగు సంఖ్యలు అడిగినదానిలో లోపమున్నదనియు, 5తో మొదలగునవి సర్వరులోనే లోపమున్నదనియు తెలుపును. కావున 503 కనబడినచో కొంతసేపు ఆగి మరల ప్రయత్నింపవలెను. 404 కనబడినచో ఎంతసేపు వేచియున్నను లాభము లేదు. చిరునామా చివరిభాగమును ఒక్కొక్క గీత వరకు చెరిపివేయుచు పైమెట్టునకు పోయి వెదకుట మేలు. పుట చోటు మారినదైనచో పెక్కుమార్లు ఇట్లే దొరకును. సెర్న్ సంస్థలో 404 సంఖ్యగల గది యొకటి ఉండెననియు, అందుండియే ఈ సంకేతము పుట్టెననియు ఒక కథ ప్రచారములో నున్నది. అది కట్టుకథ. వెబ్ నిర్మాణమున తొలినుండి పాల్గొనిన రాబర్ట్ కైయో దానిని స్వయముగ ఖండించియున్నాడు.

విచిత్రమేమనగా, వెబ్ పుట్టినదే సమాచారము పోవుచున్నదను దిగులు వలన. జెనీవా సమీపమున నున్న సెర్న్ అను అణుపరిశోధనా సంస్థకు నానాదేశముల శాస్త్రజ్ఞులు వచ్చి, సామాన్యముగ రెండేండ్లు పనిచేసి వెడలిపోవుచుండిరి. ఏ యంత్రమును ఎందుకు అట్లు అమర్చిరో, ఏ ప్రోగ్రామును ఎవరు వ్రాసిరో, ఆ వివరములును వారితోనే వెడలిపోవుచుండెను. దీనికి పరిష్కారముగ 1989 మార్చిలో టిమ్ బెర్నర్స్ లీ అను ఉద్యోగి ఒక ప్రతిపాదన సమర్పించెను. అతని పై అధికారి మైక్ సెండాల్ దానిపై, విషయము అస్పష్టముగ నున్నను ఉత్సాహకరముగ నున్నదని వ్రాసెను. 1990 సంవత్సరాంతమునకు మొదటి సర్వరు పనిచేయసాగెను. ఆ పెట్టెపై, దీనిని ఆపవలదని ఎఱ్ఱ సిరాతో వ్రాసి కాగితమంటించిరి. అప్పటికి ప్రపంచమందలి వెబ్ అంతయు ఆ ఒక్క పెట్టెలోనే యుండెను గదా!

ఇట్టివాడు తొలి పుటనైనను పదిలపరచెనా అనిన, అదియు జరుగలేదు. పుట మారినప్పుడెల్ల పాతదానిపైననే క్రొత్తది వ్రాయబడెను. 2013లో సెర్న్ వారు తొలి వెబ్ స్థానమును మరల నెలకొల్పబూనినప్పుడు 1992 నాటి ప్రతిని నిలుపవలసివచ్చెను.

పుటలు పోవుటకు బీజము వెబ్ నిర్మాణమునందే కలదు. ఒక వ్రాతనుండి మరియొక వ్రాతకు దారి చూపు ఏర్పాటునకు 1965లోనే టెడ్ నెల్సన్ హైపర్‌టెక్స్ట్ అని పేరు పెట్టియుండెను. అతడు తలపెట్టిన జానడూ పద్ధతిలో లంకె రెండువైపుల నుండును. అనగా ఎవరు తనను చూపుచున్నారో పుటకు తెలియును. బెర్నర్స్ లీ ఆ నియమమును విడిచిపెట్టెను. అతని వెబ్బులో ఎవరైనను ఎవరి అనుమతియు అడుగకుండ ఎవరి పుటకైనను లంకె వేయవచ్చును. మన డైరీలో మిత్రుని చిరునామా వ్రాసికొనుట వంటిదిది. మిత్రుడు ఇల్లు మారినచో డైరీకి తెలియదు. ఈ సౌలభ్యమే లేకున్న వెబ్ ఇంతగా వ్యాపించెడిది కాదు. ఈ సౌలభ్యమువలననే లంకెలు తెగుచున్నవి. రెండును ఒకే నిర్ణయమునకు ఫలితములు. పుటల చిరునామాలు మార్చవలదని బెర్నర్స్ లీయే 1998లో ఒక వ్యాసమున హితవు చెప్పెను. విన్నవారు తక్కువ.

రెండవ కారణము డబ్బు. 1991లో అమెరికాయందలి మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు వెలువరించిన గోఫర్ అను పద్ధతి తొలుత వెబ్ కన్న ముందంజలో నుండెను. 1993లో వారు దాని సర్వరు వాడుకకు కొందరినుండి రుసుము కోరుదుమని ప్రకటించిరి. ఆ ఏటనే ఏప్రిల్ 30న సెర్న్ వారు వెబ్ ప్రోగ్రాములపై తమ హక్కులను వదలుకొని సర్వజనులకు ఇచ్చివేసిరి. జనులు ఎటు మొగ్గిరో చెప్పనక్కరలేదు. కాని పద్ధతి ఉచితమైనంతమాత్రమున పుట నిలుపుట ఉచితము కాదు. పేరునకు ఏటేట రుసుము కట్టవలెను; సర్వరునకు విద్యుత్తు కావలెను; దానిని కనిపెట్టి చూచు మనిషి కావలెను. 1994లో మొదలైన జియోసిటీస్ సామాన్యులకు ఉచితముగ పుటలిచ్చి మహాపట్టణము వలె పెరిగెను. 1999లో యాహూ సంస్థ దానిని కొనెను. 2009 అక్టోబరు 26న మూసివేసెను. ఆర్కైవ్ టీమ్ అను స్వచ్ఛంద సేవకుల బృందము చేతనైనంత నకలు తీసికొనకున్నచో ఒక తరమువారి వ్రాతలు ఆ రాత్రితో సమసిపోయెడివి.

నష్టమును కొలిచినవారును కలరు. 2013లో ఉండిన వెబ్ పుటలలో నూటికి 38 వంతులు 2023 అక్టోబరు నాటికి తెరచుకొనుట లేదని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించెను. నా నివేదికయు ఆ 2013 నాటిదే. నా నష్టము ఇంకను హెచ్చు. అమెరికా సుప్రీం కోర్టు తీర్పులలో ఉదాహరించిన లంకెలలో సుమారు సగము మొదట చూపిన విషయమును ఇప్పుడు చూపుట లేదని హార్వర్డు న్యాయశాస్త్రజ్ఞులు 2014లో వెల్లడించిరి. తీర్పునకు ఆధారమే కనబడనిచో తరువాతి న్యాయవాది దేనిని పరిశీలించును?

ఈ నష్టమును ముందే ఊహించి పనికి పూనుకొన్నవాడు బ్రూస్టర్ కేల్. 1996లో అతడు శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అను లాభాపేక్షలేని సంస్థను స్థాపించెను. దాని ప్రోగ్రాము ఒక పుటను చదివి నకలు తీయును. అందులోని లంకెలను పట్టుకొని తరువాతి పుటలకు పోవును. అచ్చట మరల అట్లే చేయును. తొలి అయిదేండ్లు ఈ నకళ్లు టేపులలో మూలుగుచుండెను. 2001 అక్టోబరు 24న వేబ్యాక్ మెషీన్ అను పేర ప్రజలకు తెరచిరి. 2002లో ఒక ప్రతిని ఈజిప్టునందలి అలెగ్జాండ్రియా గ్రంథాలయమునకు ఇచ్చిరి. పూర్వము మహాగ్రంథాలయము నశించిన ఊరు అదియే. ఆ ఎంపికలోని భావము పాఠకులు గ్రహింతురు. ప్రస్తుతము సంస్థ కార్యాలయము ఒక పాత చర్చి భవనములో నున్నది. 2025 అక్టోబరునాటికి దాచిన పుటలు ఒక లక్ష కోట్లకు చేరెను.

దీనిని వాడుట మిక్కిలి సులభము. రుసుము లేదు, సభ్యత్వమక్కరలేదు. వేబ్యాక్ మెషీన్ పుట తెరచి, పనిచేయని చిరునామాను పెట్టెలో అతికింపవలెను. సంవత్సరముల వరుస, దానిక్రింద పంచాంగము కనబడును. నకలు తీసిన తేదీలపై చుక్కలుండును. నీలిచుక్క అనగా పుట సరిగ దొరికిన దినము. నారింజరంగు చుక్క అనగా ఆనాటికే 404 వచ్చినదని అర్థము. దానిని నొక్కి నిరాశ చెందుటకన్న అంతకు ముందటి నీలిచుక్కను పట్టుకొనుట మేలు. 2013నుండి మరియొక వసతి కలదు. మనకు ముఖ్యమైన పుటను "ఇప్పుడే దాచుము" అను మీటతో మనమే ఆర్కైవునకు పంపవచ్చును. ఉద్యోగ ప్రకటన, పరీక్షల నోటిఫికేషను, ప్రభుత్వ ఉత్తరువు వంటివి చదివిన దినముననే ఇట్లు దాచుట మంచిది. అవి మారిపోయిన పిదప, ఏ తేదీన ఏమి యుండెనో చూపుటకు ఉపకరించును. అయితే ఇట్లు దాచినది లోకమంతటికి కనబడును. సొంత వివరములున్న పుటలను అందులకు పంపరాదు. మార్కుల పట్టికవంటి వానిని మన యంత్రముననే పి.డి.ఎఫ్. రూపమున ముద్రించుకొనవలెను.

లోపములు లేకపోలేదు. సంకేతపదముతో ప్రవేశింపవలసిన పుటలు ఆర్కైవునకు అందవు. యజమాని కోరినచో తొలగించుటయు కలదు. అబద్ధముతో నిండిన పుటయు నిజమైన పుటతో సమానముగనే దాచబడును. దాచినంతమాత్రమున అది ప్రమాణము కాదు.

మన తెలుగు పుటల విషయమున మరియొక చిక్కు కలదు. 2000 ప్రాంతమున కొన్ని తెలుగు పత్రికలు తమ సొంత ఫాంటులతో పుటలు వెలువరించుచుండెను. ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చి, చూపునకు తెలుగువలె కనబడునట్లు చేసెడివారు. ఆర్కైవులో ఆ పుటలున్నవి. ఫాంటు లేనందున ఇప్పుడు తెరచినచో అర్థములేని రోమను అక్షరముల గుంపులు కనబడును. వస్తువు దొరికినను చదువు దొరకలేదన్నమాట. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రతి తెలుగు అక్షరమునకు శాశ్వతమైన సంఖ్య నిచ్చెను; "అ"కు 3077, "క"కు 3093. ఈ సంఖ్యలలో వ్రాసిన పుటకు ఫాంటు మారినను అక్షరము మారదు. పాత పత్రికల వ్రాతను యూనికోడులోనికి మార్చుటకు పద్మ అను ఉపకరణమును రచించిన వెన్న నాగార్జునయే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకును అంకురార్పణ చేసెను.

తెలుగు గ్రంథముల కథ కొంత ఊరట కలిగించును. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి 1994లో ట్యూరింగ్ బహుమానము పొందిన రాజ్ రెడ్డి పూనికతో పదిలక్షల గ్రంథముల ప్రణాళిక సాగెను. అందులో భాగముగ భారత డిజిటల్ గ్రంథాలయము వేలకొలది తెలుగు గ్రంథముల ఛాయాప్రతులు తీసెను. దాని మొదటి చిరునామాలు పనిచేయుట మానినవి. కాని ఆ గ్రంథములు పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవునకు చేరియుండుటచే నేడును ఉచితముగ చదువుకొనవచ్చును. పేర్లను మాత్రము రోమను లిపిలో వింతవింతగ వ్రాసిరి. ఒక వర్ణక్రమముతో దొరకనిచో దీర్ఘములు, ఒత్తులు మార్చి మూడు నాలుగు విధముల వెదకవలెను.

ఇంతటి ఆర్కైవును ఒకే సంస్థపై ఆధారపడియున్నదను భయము నాకు లేకపోలేదు. 2024 అక్టోబరులో దానిపై దాడి జరిగి 3 కోట్లకు పైగా ఖాతాల వివరములు బయటపడెను. కొన్ని దినములు వేబ్యాక్ మెషీన్ మూగవోయెను. అంతకు ముందు నెలలోనే, పుస్తకములను ఎరువిచ్చు పద్ధతిపై ప్రచురణకర్తలు వేసిన దావాలో అప్పీలు కోర్టు తీర్పు సంస్థకు ప్రతికూలముగ వచ్చెను. అంతరించినవానిని దాచు ఇల్లే అంతరించినచో అడుగుటకు వేరొక చోటు లేదు.

మా 12 చిరునామాల సంగతి. ఎనిమిది పుటలు వేబ్యాక్ మెషీనులో దొరికినవి. ఒకటి చిరునామా మారినది. దాని శీర్షికను ఉల్లేఖన చిహ్నముల నడుమ నుంచి వెదకగా క్రొత్తచోట కనబడెను. మూడు మాత్రము ఎచ్చటను లేవు. వానిలో ఒకటి, నాకు పాఠము చెప్పిన ఒక అధ్యాపకుడు ఉచిత స్థానమొకదానిలో పెట్టుకొన్న పాఠ్యాంశము. ఏ ప్రోగ్రామును దాని ఛాయలకు పోలేదు. దానిని చదువుకొనుటకై నేను అప్పట్లో కాగితముపై ముద్రించి, అంచులలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకొంటిని. ఇనుప బీరువా అడుగున ఆ ఏడు కాగితములు దొరికినవి. ఆ విద్యార్థిని వానిని బల్లపై పరచి, ఒక్కొక్కదానికి ఫోటో తీసికొని పోయినది.