కన్ను చూసి, రెక్క చూసి...

పందెపు పావురాన్ని బేరమాడేవాళ్ళని మీరెప్పుడైనా చూశారో లేదో గాని, చూస్తే మాత్రం మన ఆడవాళ్ళకి బాగా తెలిసిన తతంగం ఒకటి చప్పున గుర్తొచ్చి తీరుతుంది. కోడిని పట్టుకున్నట్టు కాళ్ళు పట్టుకుని వేళ్ళాడదీయరు దాన్ని. పొట్ట అరచేతిలో ఆనించి, కాళ్ళు రెండూ వేళ్ళ సందున బిగించి, బొటనవేలితో రెక్కల కొసలు అదిమిపట్టి, వెలుగులోకి తిప్పి కన్ను చూస్తారు. రెక్క విప్పి చూస్తారు. రొమ్ము తడుముతారు. నోరు తెరిచి గొంతు చూస్తారు. ఆపైన నలుగురూ తలో మాటా అంటారు. పిట్ట మాత్రం ఏమీ అనదు. అచ్చం పెళ్ళిచూపులే! కాఫీ ఫలహారాలు ఒక్కటే తక్కువ.

మా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో డాబా మీద చెక్కపెట్టెలు పెట్టి పావురాల్ని పెంచుకునే సరదా మనుషులు అక్కడక్కడా తగులుతూనే వుంటారు. వాళ్ళని కదిపితే చాలు, పావురాల సాముద్రికమంతా ఏకరువు పెడతారు. మొహం చూసి మనసు చెప్పడం కథలు రాసేవాళ్ళ వృత్తి గనక, నాకూ ఆ శాస్త్రం మీద కాస్త కుతూహలం.

ముందు కన్ను. నల్లటి పాప చుట్టూ వున్న రంగు నిండుగా, తడితడిగా మెరుస్తూ వుండాలి. ఎండలోకి తిప్పగానే పాప చటుక్కున చిన్నదవ్వాలి. కొందరైతే భూతద్దం పెట్టి మరీ ఆ కంటిలోని వలయాలు పరీక్షిస్తారు. తరవాత రెక్క. రెక్క కొసన పది పెద్ద ఈకలుంటాయి. పిట్టని ముందుకి తోసేవి అవే. వాటిలో చివరి నాలుగూ సన్నగా, వేళ్ళు విప్పినట్టు ఎడమెడంగా వుంటే దూరప్రయాణానికి పనికొస్తుందని నమ్మకం. ఈక పట్టుగుడ్డలా జారాలి. పట్టుకుని వదిలితే చేతికి తెల్లటి పొడి అంటాలి. వానలో ఈకలు తడిసి ముద్ద కాకుండా కాచేది ఆ పొడేనట. రొమ్ము ఎముక మరీ లోతుగా దిగకుండా, పడవ అడుగులా నున్నగా వంపు తిరగాలి. తోక కింద వుండే రెండు సన్నని ఎముకలూ గట్టిగా, దగ్గర దగ్గరగా వుండాలి. గొంతు లోపల గులాబి రంగు కనపడాలి. బరువు అరకిలో లోపు. అయినా చేతిలో పెడితే అంతకన్నా తేలిక అనిపించాలి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇందులో అర్థం లేకపోలేదు. పావురం ఒంటి బరువులో దాదాపు మూడోవంతు రెక్కలాడించే కండలదే. అంచేత రొమ్ము తడిమి చూడడం తెలివైన పనే. ఈక నిగనిగలాడితే పిట్ట ఆరోగ్యంగా వున్నట్టే. కాని కంటిలోని వలయాలకీ ఇంటికి తిరిగి రావడానికీ సంబంధం వుందనడానికి మాత్రం ఇంతవరకు గట్టి రుజువేదీ లేదు. అయితేనేం, భూతద్దాలు అమ్ముడుపోతూనే వున్నాయి!

ఈ సరదా ఈనాటిది కాదు. కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో ‘మానసోల్లాసం’ అనే పెద్ద గ్రంథం రాస్తూ, రాజుగారి వినోదాలు ఇరవై లెక్కపెట్టాడు. కోడి వినోదం, పొట్టేలు వినోదం పక్కనే పారావత వినోదానికీ, అంటే పావురాల సరదాకీ, ఆయన పీట వేశాడు. అక్బరు చక్రవర్తి దర్బారులో 20,000కి పైగా పావురాలుండేవనీ, వాటిలో ఏరి పక్కన పెట్టిన మేలుజాతివి 500 అనీ అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో రాశాడు. అక్బరు ఆ సరదాకి ‘ఇష్క్‌బాజీ’ అని పేరు పెట్టుకున్నాడట. ప్రేమాట అన్నమాట! గాలిలో పిల్లిమొగ్గలు వేసే పిట్టలంటే ఆయనకి ప్రాణం.

మన తెలుగువాళ్ళ ముద్దు మాత్రం పావురం కంటే కోడి మీదే ఎక్కువ. కుక్కుట శాస్త్రం సంగతి మీకు చెప్పక్కర్లేదు. కాకి, డేగ, నెమలి, పింగళ అంటూ ఈక రంగుని బట్టి కోడికి ఒక జాతి. ఏ వారం, ఏ నక్షత్రంలో, ఏ దిక్కునించి వదిలితే ఏది గెలుస్తుందో దానికో లెక్క. ఇంచుమించు పంచాంగమే. మా పాత గుంటూరు జిల్లాలోని పల్నాటిలో 12వ శతాబ్దంలో మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు, గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ కోడిపందెం కాశారనీ, ఓడిన మాచర్లవారు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవలసి వచ్చిందనీ పల్నాటి కథ. ఆ తరవాత కారెంపూడిలో జరిగిన యుద్ధం సరేసరి. పిట్ట లక్షణాలు ఎంచడంలో వాళ్ళకెంత నమ్మకం లేకపోతే రాజ్యాన్నే దాని కాలికి కడతారు చెప్పండి!

ఇక్కడొక చిత్రముంది. చార్లెస్ డార్విన్ పేరు మీకు తెలిసిందే. ఆయన పావురాలు పెంచాడు. లండనులో పావురాల పెంపకందార్ల క్లబ్బులు రెండింటిలో సభ్యుడిగా చేరాడు. 1859లో అచ్చయిన ‘జాతుల పుట్టుక’ గ్రంథంలో మొదటి అధ్యాయంలోనే పావురాల గురించి బోలెడు రాశాడు. మామూలు పావురానికి తోకలో పన్నెండో పద్నాలుగో ఈకలుంటే, విసనకర్రలా తోక విప్పే పావురానికి ముప్ఫై దాకా, ఇంకా పైన కూడా వుంటాయి. ఈ వింత రకాలన్నీ కొండల్లో గూళ్ళు కట్టుకునే ఒకే ఒక్క పావురం సంతానమనీ, మనిషి తన కంటికి నచ్చినదాన్ని తరతరాలుగా ఏరుకుంటూ పోవడంవల్లే ఇన్ని రూపాలొచ్చాయనీ ఆయన చెప్పాడు. అంటే మనిషి కన్ను కోరిన అందాన్నల్లా పావురం ఇచ్చింది. తోక కావాలంటే తోక, జూలు కావాలంటే జూలు.

మరి పందెపు పావురం ఎలా వచ్చింది? ఇప్పుడు ప్రపంచమంతటా పందేలకి పెంచుతున్న హోమరు జాతి 19వ శతాబ్దంలో బెల్జియంలో రూపు దిద్దుకుంది. దానికి తోక సింగారమూ లేదు, జూలూ లేదు. చూడబోతే మన గుడిగోపురం మీద కువకువలాడే బూడిదరంగు పావురమే. కాస్త రొమ్ము విరుచుకున్నట్టుంటుంది, అంతే. ఎందుకంటే దాన్ని ఏరింది కన్ను కాదు, దారి. బుట్టలో పెట్టి దూరం తీసికెళ్ళి వదిలేవారు. తిరిగొచ్చినవాటికి జత కట్టేవారు. రానివాటి వంశం అంతటితో సరి. ఇలా తరాలు గడిచాక వందల మైళ్ళనించి ఇంటికి చేరే పిట్ట తయారయింది. కంటితో ఎంచినంత కాలం వన్నెలొచ్చాయి. పనితో ఎంచితేగాని సత్తా రాలేదు. ఈ సంగతి పావురాల వాళ్ళందరికీ తెలుసు. తెలిసీ, కొనేటప్పుడు మాత్రం మళ్ళీ కన్నే చూస్తారు. ఎదురుగా కనిపించేది అదొక్కటే గదా మరి!

ఇంతకీ ఆ దారి ఎలాంటిదో చూద్దాం. చెన్నైలో హోమరు పందేల క్లబ్బులున్నాయి. పిట్టల్ని బుట్టల్లో పెట్టి ఉత్తరానికి, మన కోస్తా ఊళ్ళ వైపు తీసుకొచ్చి వదులుతారు. ఇంటికి చేరడానికి పట్టిన కాలాన్నీ, దూరాన్నీ లెక్కగట్టి నిమిషానికి ఎన్ని మీటర్లు ఎగిరిందో చూసి గెలుపు చెబుతారు. విజయవాడలో వదిలారనుకుందాం. మీ పిల్లల అట్లాసు తీసి విజయవాడ నించి చెన్నైకి స్కేలు పెట్టి ఒక గీత గీయండి. ఆ గీత తెనాలికి కాస్త పడమరగా దిగి, బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి వచ్చేసరికి నేల అయిపోతుంది! అక్కణ్ణించి పులికాట్ దాటేదాకా, అంటే ముప్పాతిక దారి, కింద సముద్రమే. రైలైతే బుద్ధిగా తీరం వెంబడే ఒంగోలు, నెల్లూరు, గూడూరు మీదుగా 430 కిలోమీటర్ల చిల్లర తిరిగి వెళుతుంది. తిన్నగా అయితే 380 చిల్లరే.

పావురాలకి పెద్ద నీళ్ళంటే జంకు. కాబట్టి బాపట్ల మీదికొచ్చిన పిట్ట అక్కడొక నిర్ణయం చేసుకోవాలి. దగ్గర దారని నీళ్ళ మీదికి పోవాలా? చుట్టయినా నేల పట్టుకుని పోవాలా? గాలి తూర్పుకి నెట్టి రేపల్లె వైపు జరిగిందంటే, కృష్ణ పాయలూ మడ అడవులూ దాటి మళ్ళీ ఆ సముద్రమే ఎదురవుతుంది. గంటకి అరవై డెబ్భై కిలోమీటర్ల వేగంతో పోతూ, పైన డేగ భయం, కింద ఉప్పునీళ్ళ భయంతో, అరకిలో బరువు కూడా లేని ప్రాణి ఆ లెక్క వేసుకోవాలి. ఆ లెక్క వేసే తెలివి దాని కంటి వలయంలో గాని రెక్క ఈకలో గాని ఎక్కడ కనిపిస్తుంది?

ఆ తెలివి ఎక్కడుందో శాస్త్రజ్ఞులూ వెతుకుతున్నారు. సూర్యుణ్ణి చూసి దిక్కు పోల్చుకుంటుందన్నారు. 1971లో అమెరికాలో విలియం కీటన్ అనే ఆయన పావురాలకి చిన్న అయస్కాంతాలు కట్టి వదిలితే, మబ్బు పట్టిన రోజున అవి దిక్కు తప్పాయి. అంటే భూమి అయస్కాంతశక్తి కూడా వాటికి తెలుస్తుందన్నమాట. ఇటలీలో పాపీ అనే శాస్త్రజ్ఞుడు, వాసన పట్టి ఇంటి దిక్కు తెలుసుకుంటాయని అదే కాలంలో చూపించాడు. 2004లో ఆక్స్‌ఫర్డువాళ్ళు, తెలిసిన చోట్లయితే రోడ్ల వెంబడే పోతాయన్నారు. అన్నీ నిజమే కావచ్చు. ఒక్కటి మాత్రం చేత్తో పట్టుకుని చూస్తే కనిపించేది కాదు.

చేత్తో పట్టుకుని చూస్తే ఆడో మగో చెప్పడమే కష్టం, ఇంకా మిగతావెందుకు! 1918 అక్టోబరులో ఫ్రాన్సు అడవుల్లో శత్రువుల మధ్య చిక్కుకున్న అమెరికా దళం కబురు మోసుకొచ్చి ఎంతోమందిని కాపాడిన ‘షేర్ ఆమీ’ అనే పావురం వుంది. రొమ్ములో గుండు దిగి, కాలు తెగి వేళ్ళాడుతున్నా అది గూటికి చేరింది. ఇప్పటికీ వాషింగ్టను మ్యూజియంలో వుంది. అది పెట్టా పుంజా అన్న వాదన వందేళ్ళు సాగి, 2021లో డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తేగాని పుంజని తేలలేదు.

పావురాల సంసారంలో ఆడా మగా తేడా తక్కువే లెండి. పగలు చాలాసేపు మగది, రాత్రి ఆడది గుడ్లు పొదుగుతాయి. పిల్లలకి మొదటి రోజుల్లో పెట్టే ‘పావురం పాలు’ తల్లీ తండ్రీ ఇద్దరి గొంతుసంచిలోనూ వూరుతాయి. ఈ మమకారాన్ని పందెగాళ్ళు కనిపెట్టేశారు. పందేనికి ముందు జంటని విడదీసి, వదిలేముందు ఒక్కసారి జతని చూపించి బుట్టలో పెడతారు. ఆ పద్ధతికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘వైధవ్యం’! గూట్లో పసికూన వున్న తల్లినీ అలాగే పంపిస్తారు. రెక్కలు తెగేలా ఎగిరి వస్తుంది పాపం. రెక్క ఈకలు ఎంచి మార్కులు వేసేవాళ్ళు, చివరికి నమ్ముకునేది ఇంటి మీద దాని ప్రేమని! 2020లో ‘న్యూ కిమ్’ అనే రెండేళ్ళ బెల్జియం ఆడపావురం వేలంలో 16 లక్షల యూరోలు పలికింది. మన డబ్బులో పధ్నాలుగు కోట్ల చిల్లర. పందేలు మానేసిన పిట్టని అంతకి కొన్నది దాని సంతానం కోసం.

ఈ ప్రేమ పందేలకే కాదు, మనుషుల ప్రాణాలకీ అక్కరకొచ్చింది. మన పొరుగున ఒరిస్సా పోలీసులు 1946లో సైన్యం నించి హోమరు పావురాలు తెచ్చుకుని, తెలుగువాళ్ళూ వుండే కోరాపుట్ కొండప్రాంతంలో మొదటగా కబుర్లకి వాడారు. 1982 వరదల్లోనూ, 1999 పెనుతుఫానులోనూ తీగలన్నీ తెగిపోయినప్పుడు అవే కబురు మోశాయి. 2008లో ఆ ఉద్యోగం పోయినా, పాత గుర్తుగా ఇంకా పెంచుతున్నారు. ఆ సంగతి చదువుతుంటే మా సీమ వాళ్ళకి 1977 నవంబరు 19 గుర్తు రాకుండా వుండదు. రేపల్లెకి ఏటి అవతల దివిసీమని ఉప్పెన ముంచేసిన రోజు. వేలమంది పోయారు. తీగ తెగి, దారి మునిగి, కబురు కదలని చోట ఇంటి దారి తెలిసిన చిన్న పిట్ట విలువ ఎంతో కోస్తావాళ్ళకి వేరే చెప్పాలా!

అలా కబురు మోసిన పిట్టల పేరూ, కంటి రంగూ ఎవరూ రాసిపెట్టలేదు. రెక్కలో చివరి నాలుగు ఈకలూ సన్నగా వున్నాయో లేదో ఎవరూ చూడలేదు. కాలికి కట్టిన చీటీ విప్పి చదువుకున్నారు, గింజలు చల్లారు.